కారంచేడు: మరునాటి చరిత్ర

సింగరాయకొండలో రైలెక్కితే ఒంగోలు దాటాక చీరాల వస్తుంది. మా ప్రాంత చరిత్ర రాయబూనేవాళ్లు ముందుగా అక్కడ దిగాలని నా అభిప్రాయం.

కారంచేడు గురించి మనం రాసినది చాలావరకు 1985 జూలై 17 దగ్గరే ఆగిపోయింది. ముందురోజు మంచినీటి చెరువు దగ్గర గేదె కడుగు నీళ్ల తగాదా, అడ్డుపడి బిందె ఎత్తిన మాదిగ స్త్రీ, మర్నాడు గూడెం మీద దాడి, ఆరుగురి హత్య, స్త్రీలపై అత్యాచారాలు. ఇవి రాయవలసినవే. కాని బతికి బయటపడ్డవాళ్లు ఆ తర్వాత ఏం చేశారన్నది కూడా చరిత్రే కదా!

వాళ్లు చీరాల చేరి, తిరిగి ఆ ఊరికి పోమన్నారు. ఇక్కడ మనం కాస్త ఆగాలి. కూలీ, గుడిసే, అప్పూ అన్నీ పెత్తందారుల ఊళ్లోనే ఉన్న మనుషులు అన్న మాట అది. రేపటి బియ్యం ఎక్కడివో తెలియకుండా అన్న మాట. శిబిరంలో పొయ్యి వెలగాలి. సాక్షులు జారిపోకూడదు. చివరకు వాళ్లకు చీరాలలోనే విజయనగర్ కాలనీ ఏర్పడింది. అదే ఏడు దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దానికి నాయకులు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఈ ఆందోళన ఒత్తిడి కూడా ఉంది.

కేసు మాత్రం ఈడ్చుకుంటూ పోయింది. 1994లో కింది కోర్టు వేసిన యావజ్జీవ శిక్షలను 1998లో హైకోర్టు కొట్టివేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు విధించింది. అప్పటికి 23 ఏళ్లు గడిచాయి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిన చుండూరులో బాధితులు పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

గెలిచిందనుకున్నది చేజారినప్పుడు కూడా మళ్లీ పై కోర్టు మెట్లెక్కిన ఆ ఓర్పును మన సాహిత్యం పట్టించుకున్నదా? కులాన్ని ఉపరితలాంశమని పక్కన పెట్టిన అభ్యుదయ విమర్శకులం మనం; ఈ తప్పు ఒప్పుకోక తప్పదు. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం వచ్చేదాకా మనలో చాలామందికి ఆ గొంతు వినబడలేదు. కవిత్వంలో ఆగ్రహం వచ్చింది, మంచిదే. వాయిదా రోజున కూలి మానుకున్నదెవరు, బస్సు చార్జీ ఎవరిచ్చారు, సాక్షి బోనెక్కే ముందురోజు రాత్రి ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు అన్న కథ కోసం మాత్రం నేనింకా వెతుకుతున్నాను.