ప్రమాణం చేయనివారి జాడ: వలసపాలన నాటి పెన్సిల్వేనియాలో మెన్నొనైట్ పూర్వీకుల అన్వేషణ

అమెరికా స్వాతంత్ర్యానికి ముందు పెన్సిల్వేనియాకు వలస వచ్చిన మెన్నొనైట్ల వంశచరిత్రను వారి విశ్వాసమే క్లిష్టం చేసింది. వారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు, ప్రభుత్వం ముందు ప్రమాణం చేయరు, ఆయుధం పట్టరు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఐరోపాలో సామాన్యుడి పేరు కాగితానికెక్కే దారులు ప్రధానంగా ఇవే. లూథరన్ రైతు పుట్టిన తేదీ అతని ఊరి చర్చి రిజిస్టరులో దొరుకుతుంది. అదే ఊళ్లోని మెన్నొనైట్ రైతుకు ఆ పుటలో చోటుండదు. అతని పేరును రాసిపెట్టినవారు తరచూ అతన్ని వేధించినవారు, పన్ను వసూలు చేసినవారు, సాయం చేసినవారు, భూమి అమ్మినవారు. అందుకే ఈ పరిశోధన చాలావరకు పరాయి చేతిరాతల మీదే నడుస్తుంది.

వెతికే వ్యక్తి ఏ శాఖకు చెందినవాడో ముందుగా తేల్చుకోవాలి. 1683లో క్రెఫెల్డ్ నుంచి వచ్చి జర్మన్‌టౌన్‌లో స్థిరపడిన కుటుంబాల్లో ఎక్కువమంది అప్పటికే క్వేకర్లు, కానీ వారి మూలాలు మెన్నొనైట్ సమాజంలో ఉన్నాయి. 1710 నుంచి లాంకాస్టర్ ప్రాంతానికి వచ్చినవారు స్విట్జర్లాండుకు చెందినవారు. వీరిలో చాలామంది జర్మనీలోని పాలటినేట్‌లో కొన్నాళ్లు తలదాచుకుని వచ్చారు. రష్యా మెన్నొనైట్ల సంగతి వేరు. వారి పూర్వీకులు నెదర్లాండ్స్, ప్రష్యాల మీదుగా రష్యా చేరారు. వారు అమెరికాకు పెద్ద సంఖ్యలో వచ్చింది 1874 నుంచే. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో పనిచేసిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీల ద్వారా తెలుగువారికి పరిచయమైనది ఈ రష్యా ధార. ఇంటిపేరు కలిసిందని పెన్సిల్వేనియా, రష్యా ధారలను కలిపేస్తే అన్వేషణ మొదటి అడుగులోనే దారి తప్పుతుంది.

పని మొదలుపెట్టాల్సింది ఓడ దగ్గర కాదు, భూమి దగ్గర. పెన్సిల్వేనియాలో భూమి మూడు దశల్లో చేతికొచ్చేది: కొలవమని ఉత్తర్వు, సర్వే, చివరకు పట్టా. ఈ మూడింటి మధ్య ఏళ్లు గడిచిన సందర్భాలూ ఉన్నాయి, ఈలోగా మనిషి చనిపోతే పట్టా కొడుకు పేరనో అల్లుడి పేరనో వచ్చేది. ఆ మార్పులోనే బంధుత్వం బయటపడుతుంది. సరిహద్దుల వర్ణనలో కనిపించే పొరుగువారు సాధారణంగా బావమరుదులో, స్వదేశంలో ఒకే ఊరివారో అయి ఉంటారు. లాంకాస్టర్ కౌంటీ ఏర్పడింది 1729లో. అంతకుముందటి పత్రాలు, 1718 నుంచి దొరికే, ఈ ప్రాంతపు కొనెస్టోగా పన్ను జాబితాలతో సహా, చెస్టర్ కౌంటీ దస్త్రాల్లో ఉంటాయి. విదేశీయుడి భూమి వారసత్వానికి చట్టరక్షణ తక్కువ కాబట్టి పౌరసత్వ పత్రాలు కూడా ముఖ్యమే. 1729/30 నాటి చట్టం లాంకాస్టర్ జర్మన్లకు పేరుపేరునా పౌరసత్వమిచ్చింది. ఇక వీలునామాలు. ఆడవారి పేర్లు, రెండో పెళ్లి పిల్లల పేర్లు దొరికే చోట్లలో ఇవి ముఖ్యమైనవి.

ఆ సంవత్సరాన్ని 1729/30 అని రాయడానికి కారణముంది. 1752 వరకు బ్రిటిష్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, తేదీలు కూడా పద్దెనిమిదో శతాబ్దంలో కొత్త క్యాలెండరు కన్నా 11 రోజులు వెనకబడి ఉండేవి. స్విట్జర్లాండులోని బెర్న్, జ్యూరిక్‌లు 1701లోనే కొత్త క్యాలెండరుకు మారాయి. ఫిబ్రవరిలో జరిగిన మరణాన్ని మామూలు లెక్కలో చదివితే తండ్రి మరణించాక చాలా నెలలకు బిడ్డ పుట్టినట్టు తేలవచ్చు.

1727 సెప్టెంబరు నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ మగవారి పేర్లు నమోదయ్యాయి. స్ట్రాస్‌బర్గర్, హింకే అనే పరిశోధకులు 1934లో వీటిని మూడు సంపుటాలుగా ప్రచురించారు. ఒకే ఓడకు మూడు జాబితాల దాకా ఉండొచ్చు: ఒకటి కెప్టెన్ ఇచ్చినది, మిగతావి విధేయత ప్రకటించినవారి సంతకాలవి. ప్రమాణం చేయనివారికి మాటతో ధ్రువీకరించే వెసులుబాటు క్వేకర్లు స్థాపించిన ఈ వలసలో ఉండేది. సంతకాల్లో పదహారేళ్లు దాటిన మగవారే ఉంటారు. కెప్టెన్ గుమాస్తా వినికిడికి రాసిన పేరును, వలసదారు తన చేత్తో చేసిన సంతకాన్ని పక్కపక్కన పెడితే హూబర్ హూవర్‌గా, బ్రూబాఖర్ బ్రూబేకర్‌గా మారిన క్రమం అర్థమవుతుంది. ఇంత విలువైన ఆధారమే అతిగా నమ్మినప్పుడు చేటు చేస్తుంది. 1738 ఓడలో ఒక హాన్స్ మ్యులర్ కనిపిస్తే అతడే తమ తాత అని తేల్చేసిన కుటుంబ చరిత్రలకు కొదవ లేదు. ఆ పేరు గలవారు డజన్లకొద్దీ ఉన్నారు.

1727కు ముందు వచ్చినవారికి ఈ జాబితాలు లేవు. అప్పుడు ఆధారాలు ఎలా కూడుతాయో హాన్స్ హెర్ ఉదంతం చూపుతుంది. 1710 జూన్ 27న లండన్ నుంచి ఆరుగురు మెన్నొనైట్లు ఆమ్‌స్టర్‌డామ్ మెన్నొనైట్ సోదరులకు కృతజ్ఞత తెలుపుతూ ఉత్తరం రాశారు. మార్టిన్ క్యుండిగ్, క్రిస్టియన్ హెర్, హాన్స్ హెర్ ఆ ఆరుగురిలోని వారే. జూన్ చివర లండన్ విడిచిన 'మేరీ హోప్' ఓడలో పాలటినేట్ జనం ఉన్నట్టు అదే ఓడలో ప్రయాణించిన క్వేకర్ బోధకుడు థామస్ చాక్‌లీ తన దినచర్యలో రాసుకున్నాడు. అక్టోబరులో లాంకాస్టర్ ప్రాంతంలోని పెక్వీ వాగు దగ్గర 10,000 ఎకరాలు కొలవమని వెలువడిన ఉత్తర్వులో హాన్స్ హెర్ పేరుంది. ఉత్తరం, దినచర్య, భూమి ఉత్తర్వు వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. మూడూ ఒక్క ఏడాదిలోనే కలవడం వల్ల ఈ బృందం ఆ ఓడలోనే వచ్చిందన్న నిర్ధారణకు బలం చేకూరింది.

ఇక స్విట్జర్లాండు వైపు. అక్కడి పత్రాల్లో ఎక్కువ వేధింపు పుట్టించినవే. బెర్న్ 1659లో మెన్నొనైట్ల వంటి అనాబాప్టిస్టుల అణచివేతకు ప్రత్యేక కార్యాలయం పెట్టింది. జరిమానా, ఆస్తి జప్తు, దేశబహిష్కారం లెక్కలన్నీ రాసిపెట్టింది. 1711లో రైన్ నది మీదుగా పంపేసిన కుటుంబాల వివరాలను వారికి సాయపడిన డచ్ మెన్నొనైట్లు భద్రపరిచారు. పాలటినేట్‌లో 1664 నాటి అనుమతి వల్ల నివసించే హక్కు దొరికింది, దానికి ప్రత్యేక రుసుము కట్టాలి. వసూలు కోసం కుటుంబాల జాబితాలు తయారయ్యాయి. ఒక కుటుంబం ఏదో ఏడాది జాబితాలో మాయమై, కొద్దికాలానికి అదే పేర్ల కూర్పుతో పెన్సిల్వేనియా పన్ను పుస్తకంలో తేలితే అది గట్టి ఆధారం. భార్య పుట్టింటి పేరు, పిల్లల వరస, వెంట వచ్చిన పొరుగువారు కూడా సరిపోలితే సందేహం దాదాపు తీరినట్టే. ఒంటరి పేరు అలాంటి బలమివ్వదు.

ఇంట్లో మిగిలే కాగితాలు తక్కువ. 1743 నాటి సావర్ బైబిల్, 1748–49లో ఎఫ్రాటాలో అచ్చయిన 'మార్టిర్స్ మిరర్' వంటి గ్రంథాల ఖాళీ పుటల్లో పుట్టుకలూ చావులూ రాసుకున్న కుటుంబాలున్నాయి. వాటిలోనూ సిరా, చేతిరాత చూడాలి. పుస్తకం అచ్చయిన ఏడాదికన్నా ముందటి పుట్టుకలు రాసి ఉంటే అవి జ్ఞాపకం మీదనో, మరో కాగితం చూసో రాసినవి.

తర్వాతి తరాల గౌరవం సృష్టించే పొరపాటు మరొక రకం. లాంకాస్టర్ దగ్గరి రాతి ఇల్లు 'హాన్స్ హెర్ ఇల్లు'గా ప్రసిద్ధి. ద్వారం మీది రాతిలో 1719తో పాటు ఉన్న అక్షరాలు మాత్రం అతని కుమారుడు క్రిస్టియన్‌వి. కట్టించినవాడు క్రిస్టియనే. 1639లో పుట్టాడని చెప్పే పెద్ద హాన్స్‌కు 1710 నాటికి డెబ్బై ఏళ్లు. లండన్ ఉత్తరంలోని హాన్స్ అతడేనా, అదే పేరున్న మరొకరా అన్నది ఒక్క పేరును బట్టి తేలదు. అతన్ని 1710 బృందానికి నాయకుడిగా చిత్రించిన కథ 19వ శతాబ్దపు స్థానిక చరిత్రల ద్వారా ప్రచారమైంది. సమకాలిక పత్రాలు చెప్పేది అతని పేరున్న ఒక వ్యక్తి ఉన్నాడని మాత్రమే.