గర్భాశయ క్యాన్సర్లు: అరుదైన వ్యాప్తి స్థానాలు

గర్భాశయంలో పుట్టిన క్యాన్సర్ సాధారణంగా యోనికి, పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులకు, కడుపు లోపలి పొరకు, దూరానికి పోతే ముఖ్యంగా ఊపిరితిత్తులకు పాకుతుంది. ఎముక, మెదడు, చర్మం, బొడ్డు, ప్లీహం, కండరాలను అరుదైన స్థానాలుగా లెక్కిస్తారు. ఈ జాబితా రచయితను బట్టి మారుతుంది. ఎండోమెట్రియం (గర్భాశయం లోపలి పొర) క్యాన్సర్ మెదడుకు చేరేది నూటికి ఒకరిలో, లేదా అంతకన్నా తక్కువ మందిలో అని ఎక్కువ నివేదికల మాట. ఎముకల విషయంలో అంకెలు నిలకడగా లేవు. అసలు ఈ సమాచారంలో చాలా భాగం ఒక్కొక్క రోగి గురించి రాసిన నివేదికలదే. వింత కేసులే అచ్చుకెక్కుతాయి కనుక దాన్ని ఆచితూచి చదవాలి.

బొడ్డులో తేలే గట్టి కణితిని సిస్టర్ మేరీ జోసెఫ్ గడ్డ అంటారు. అమెరికాలోని రోచెస్టర్‌లో, సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో విలియం మేయోకు శస్త్రచికిత్స సహాయకురాలిగా ఉన్న సిస్టర్ మేరీ జోసెఫ్ (1856–1939), ఆపరేషన్‌కు ముందు రోగి పొట్టను శుభ్రం చేసేటప్పుడు ఈ గడ్డకూ లోపల ముదిరిన క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని కనిపెట్టారని ప్రతీతి. మేయో 1928లో దీని గురించి రాశారు. ఆమె పేరును గడ్డకు పెట్టినది ఇంగ్లాండు సర్జన్ హామిల్టన్ బెయిలీ. అది 1949లో అని ఎక్కువమంది, 1960లో అని కొందరు రాశారు. మొదటిదే నమ్మదగినదిగా తోస్తుంది. స్త్రీలలో ఈ గడ్డకు అండాశయ క్యాన్సర్ తరచు కారణం, ఎండోమెట్రియం వాటా తక్కువ. దీన్ని బొడ్డు హెర్నియాగా పొరబడటం కద్దు.

క్యాన్సర్ కణం ఎక్కడ స్థిరపడుతుందన్నది నేలను బట్టి మొలిచే విత్తనం లాంటిదని ఇంగ్లాండు సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లో అన్నారు. రక్తప్రవాహపు దారే దాన్ని నిర్ణయిస్తుందని అమెరికా పాథాలజిస్టు జేమ్స్ ఈవింగ్ వాదం. వెన్నెముక చుట్టూ ఉన్న, కవాటాలు లేని సిరల అల్లికను 1940లో ఆస్కార్ బాట్సన్ వివరించాక, ఊపిరితిత్తులను తాకకుండానే వెన్నుపూసలకు వ్యాధి ఎలా చేరుతుందో కొంత తేటపడింది. కాలి మడమ ఎముకలో తేలిన కేసులకు మాత్రం ఆ దారి చాలదు.

మాయ (ప్లాసెంటా) కణాల క్యాన్సర్ అయిన కోరియోకార్సినోమా సంగతి వేరు. ముత్యాల గర్భం (హైడాటిడిఫార్మ్ మోల్), గర్భస్రావం, లేదా మామూలు కాన్పు తర్వాత పుట్టి, రక్తం ద్వారా త్వరగా పాకే ఈ వ్యాధి ఒక్కోసారి మెదడులో రక్తస్రావంతోనే బయటపడుతుంది. అయినా మందులకు బాగా లొంగుతుంది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ బృందం మెథోట్రెక్సేట్‌తో దీని కణితులు కరగడాన్ని ప్రకటించింది. ఆ మందు, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ ఔషధ సంస్థ పరిశోధనల్లోంచి వచ్చింది. ఆయన 1948లోనే మరణించారు.

గర్భాశయంలో పెరిగే, క్యాన్సర్ కాని ఫైబ్రాయిడ్లు కూడా ఊపిరితిత్తుల్లో కనిపించవచ్చు. 1939లో స్టైనర్ అలాంటి కేసును వర్ణించారు.

అరుదైన చోట గడ్డ తేలినప్పుడు, దాని ముక్కను పాత ఆపరేషన్‌లో తీసిన కణజాలంతో సరిపోల్చి నిర్ధారిస్తారు. అందుకే గర్భసంచి తీయించుకున్నవారు బయాప్సీ రిపోర్టును ఎన్నేళ్లయినా పారేయకూడదు.