భద్రాచల ప్రాంతపుఁ గలివికోడి

భద్రాచల మనఁగానే మనకు రామదాసును, పర్ణశాలయు స్మృతికి వచ్చును. పక్షిశాస్త్రజ్ఞులకు మాత్ర మీ పేరు వేఱొక కారణమునఁ బరిచితము. లోకమున లేదని తలఁపఁబడిన యొక పక్షికిఁ బూర్వము నెలవైన తావులలో నిది యొకటి.

క్రీ. శ. 1848వ సంవత్సరమున జెర్డనను నాంగ్లవైద్యుఁడు కనుఁగొనిన యీ పక్షికి బ్లైతు పండితుఁడు శాస్త్రనామ మొసఁగెను. రెండు కంఠహారములు గల దని దాని యర్థము. ఱొమ్మున రెండు పట్టె లుండుటయే యందులకుఁ గారణము. భూగర్భశాస్త్రజ్ఞుఁడగు బ్లాన్‌ఫర్డు 1870 ప్రాంతమున దీనిని గోదావరిలోయలో సిరొంచ, భద్రాచలముల చెంతఁ బేర్కొనెను. నాఁడు రెండును మధ్యపరగణాలలోని యెగువ గోదావరి మండలమునఁ జేరియుండెను. భద్రాచలము 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి మండలమునను, 1959లో ఖమ్మము జిల్లాయందును, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాయందును జేరినది. ప్రాతలేఖలను శోధించువారు మండలనామములనుబట్టి పొరపడరాదు.

1900లో అనంతపురము చెంతఁ గాంబెలు చూచిన పిమ్మట నెనుబదియాఱేండ్లు దీని జాడ తెలియదు. సలీం ఆలీ మొదలగువారు వెదకియుఁ గానలేకపోయిరి. నశించినదని పలువురు తలఁచిరి. 1986 జనవరిలోఁ గడపమండలమందలి రెడ్డిపల్లె చెంత నొక పక్షివేఁటకాఁడు రాత్రివేళ దీపపు వెలుఁగున దీనిని సజీవముగాఁ బట్టెను. పట్టువడిన పక్షి కొలఁది దినములకే చనిపోయెను గాని, జాతి యున్నదని రుజువయ్యెను. శాస్త్రజ్ఞులు పగలు వెదకిరి, ఇది రాత్రించరము. లేమికిఁ బ్రమాణముగాఁ గొనఁబడినది నిజమునకు వెదకిన వేళ యొక్క దోషమే.

ఇఁక నామవిచారము. కలివిపొదలలోఁ దిరుగుటచేఁ గలివికోడి యని కడపవారి వ్యవహారము. జెర్డను తన గ్రంథమున "అడవి ఉత్తతిత్తి" యను పోలికగల తెలుఁగుపేరు నిచ్చినాఁడు. దీనికి వట్టి సంచి యని యర్థము చెప్పుదురు. అది నాకు సమంజసముగాఁ దోఁపదు. సంస్కృతమున టిట్టిభశబ్దము కూఁత ననుకరించి పుట్టినట్లే, తిత్తియు ధ్వన్యనుకరణమై యుండనోపును. టిట్టిభ మీ పక్షికి దూరపుబంధువు. పైఁగా కలివికోడి సంధ్యవేళ రెండు స్వరముల కూఁతను మాటిమాటికిఁ గూయునని యిటీవలి పరిశోధకులు గుర్తించిరి. ఈ యూహ నిజమైనచో, పండితులు 1986 తర్వాతఁ గాని యెఱుఁగని కూఁతను బల్లెప్రజ లంతకు నూఱేండ్లకు ముందే పేరున నిలిపి రనవలెను.

కడపసీమలో దీనికొఱకు 1988లో శ్రీలంకమల్లేశ్వర వన్యప్రాణి రక్షితారణ్య మేర్పడినది. గోదావరీతీరమున మాత్రము బ్లాన్‌ఫర్డు వ్రాఁత కనంతరము నిశ్చితమైన యాధారము లేదు. పొదలు నఱికిన తావునఁ బక్షి పోవును; పక్షి పోయిన తావున మాట మాసిపోవును. కావున భద్రాచలసీమయందలి యుపాధ్యాయులు కోయ, కొండరెడ్డి పల్లెల వృద్ధుల నడిగి, రాత్రి కూయు పక్షుల పేర్లను, వారి యుచ్చారణము మార్పక, వ్రాసికొనవలెను. ప్రశ్నలోనే యుత్తరము నిమిడ్చి యడుగరాదు. పక్షి దొరకినను దొరకకున్నను, పదములు మిగులును.