ఖనాత్ మీద మన తారీఖ్

మా ఖాలా కొడుకు శంషాబాద్‌లో షాదీఖానా కడుతున్నాడు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ఆ వైపు హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు ఎన్ని లేచాయో మీకూ తెలుసు. మొన్న శాంపిల్ పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టాడు. "భాయిజాన్, దీవార్లకు ఏది వేద్దాం?"

పేజీలు తిప్పుతుంటే ఒక వినైల్ వాల్‌పేపర్ మీద కలంకారీ పూలు కనిపించాయి. మెషీన్ ప్రింటు. "ఇప్పుడు ఇదే కొత్త ఫ్యాషన్" అన్నాడు.

కొత్తది కాదు మియా, అన్నాను.

షామియానా చుట్టూ కట్టే గుడ్డ గోడను టెంట్ హౌస్ వాళ్లు ఇప్పటికీ ఖనాత్ అనే అంటారు. ఒక జమానాలో బాద్షాల దీవార్లు అవే. 1664 చివర్లో ఔరంగజేబ్ కశ్మీర్‌కు బయలుదేరినప్పుడు బెర్నియర్ అనే ఫ్రెంచి హకీమ్ ఆ లష్కర్ వెంట నడిచాడు. షాహీ ఖైమాల బయటి వైపు ఎర్రగా ఉండేదనీ, లోపలి వైపు మచిలీపట్నంలో చేత్తో పూలు వేసిన ఛీట్ గుడ్డ ఉండేదనీ రాశాడు. అప్పటికి మచిలీపట్నం గోల్కొండ కుతుబ్‌షాహీల బందరు. గోల్కొండ ఖిలా 1687లో ఆయన చేతికి వచ్చింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే గోల్కొండ గుడ్డ ఆయనకు దీవార్ అయింది!

ఆ పనికి పేరు ఫార్సీలోంచి వచ్చింది. ఖలమ్‌తో చేసే కారీ. చేతులు మాత్రం తెలుగు నేలవి. కరక్కాయలో ముంచిన నూలు గుడ్డ, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నలుపు, పటిక, చిరివేరు ఎరుపు, పారే నీళ్లలో ఉతుకు.

ఈ గుడ్డ సముద్రం దాటింది. లండన్‌లో శామ్యూల్ పెపీస్ అనే సర్కారీ అఫ్సర్ 1663లో తన బేగం చదువుకునే గది గోడలకు హిందుస్తానీ ఛీట్ కొన్నాడు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు రోజీ పోతుందని గోల పెట్టారు. 1721లో వచ్చిన చట్టం అచ్చు నూలు బట్టను ఒంటి మీదా వద్దంది, ఇంటి సామాను మీదా వద్దంది. తర్వాత వాళ్లే మెషీన్ల మీద అచ్చు వేసి ప్రపంచానికి అమ్మారు. మావాడి పుస్తకంలోని వినైల్ పువ్వు ఆ దారినే వచ్చింది.

"స్టేజీ వెనక మెరుపు కావాలి కదా" అన్నాడు. మెరుపు కావాలంటే మష్రూ ఉంది. ఖాలిస్ పట్టు మగవాళ్లకు వద్దన్న షరీఅత్ హుకుంకు కారీగర్లు నేతలోనే జవాబు వెతికారు. పట్టు పైకి కనిపిస్తుంది, నూలు ఒంటికి తగులుతుంది. మష్రూ అంటే ఇజాజత్ ఉన్నది. ఆ నేతనూ, హిమ్రూనూ సురయ్యా హసన్ బోస్ ఆపా హైదరాబాద్‌లో మళ్లీ నిలబెట్టారు. మగ్గాలు పెట్టి, బేవా ఆడవాళ్లకు పని నేర్పారు. 2021లో వఫాత్ అయ్యారు.

అయితే ఖూబ్‌సూరత్‌గా ఉందని ప్రతి చోటా వేయలేం. మష్రూ మీద పట్టు పోగులు పొడుగ్గా తేలి ఉంటాయి. ఉంగరం తగిలినా, కుర్చీ రాసుకున్నా లేచిపోతాయి. దాన్ని కుర్చీలకు వేయకూడదు, చేతికందని ఎత్తులో ఫ్రేములో బిగించాలి. చెట్టు రంగుల కలంకారీని పడమటి కిటికీకి ఎదురుగా పెడితే ఎండకు వెలిసిపోతుంది. వలీమా రోజు బిర్యానీ చేతులు తగిలే భుజం ఎత్తు దాకా తుడవగలిగే వినైలే నయం. స్టేజీ లైట్ల దగ్గర ఏ గుడ్డ కట్టినా, నిప్పు తొందరగా అంటుకోకుండా మందు పట్టించాలి. రంగు మారుతుందేమో ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి.

మావాడు చాలాసేపు లెక్కలు వేశాడు. మూడు గోడలకు వినైల్, స్టేజీ వెనక గోడకు మాత్రం కృష్ణా జిల్లా పెడన నుంచి చేతి అచ్చు కలంకారీ.

"బడ్జెట్ ఇంతే భాయిజాన్, నారాజ్ కావద్దు."

నారాజ్ ఎందుకు? నిఖా ఫొటోలన్నీ ఆ దీవార్ ముందే కదా తీస్తారు. ఒక్కటే షరతు పెట్టాను: గుడ్డ చేసిన కారీగర్ పేరు దాని పక్కన రాయించాలి. బాద్షా ఖైమాకు దీవార్ చేసిన మనిషి పేరు బెర్నియర్ రాయలేదు. మన పిల్లలు కనీసం ఈ ఒక్క పేరైనా చదవాలి.