వినియోగదారుల సమాచార ప్రమాద అంచనా

వ్యాపార సంస్థలు కొనుగోలుదారుల చిరునామా, ఆదాయం, అలవాట్లు, ఆరోగ్యం వంటి వివరాలను సేకరించి ఇతరులకు అందిస్తే ఆ మనుషులకు ఏ నష్టం కలగవచ్చో ముందుగానే లెక్కగట్టే ప్రక్రియ. చాలాకాలం ఈ లెక్కలో వినియోగదారుడే లేడు. అరువిచ్చేవాడి నష్టాన్ని మాత్రమే చూసేవారు.

1899లో అమెరికాలోని అట్లాంటాలో కేటర్, గై వుల్ఫర్డ్ సోదరులు రిటైల్ క్రెడిట్ కంపెనీ పెట్టారు. అరువు తీసుకున్నవారిలో ఎవరు సకాలంలో చెల్లిస్తారు, ఎవరు జాప్యం చేస్తారు, ఎవరికి రొక్కానికే అమ్మాలి అన్న జాబితాను దుకాణదారులకు అమ్మడం వారి తొలి వ్యాపారం. తరవాత బీమా సంస్థల కోసం ఇరుగుపొరుగును వాకబు చేసి తాగుడు, నడవడి, కాపురం సంగతులు కూడా ఫైళ్లకెక్కించారు. పుకారు మూలంగా బీమా దక్కకపోయినా, దానికి కారణమేమిటో ఆ మనిషికి తెలిసేది కాదు. ఈ పద్ధతిని న్యాయవేత్త అలాన్ వెస్టిన్ తీవ్రంగా విమర్శించారు. తమ గురించి ఏం నమోదైందో తెలుసుకునే హక్కు, తప్పులను ప్రశ్నించే హక్కు 1970 నాటి చట్టంతో వచ్చాయి. 1975లో సంస్థ ఈక్విఫాక్స్‌గా పేరు మార్చుకుంది.

దాని నుంచి 1997లో విడివడిన, వివరాలు అమ్మే చాయిస్‌పాయింట్ సంస్థ ఉదంతం ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైనది. అక్కడ ఎవరూ కంప్యూటర్లలోకి చొరబడలేదు. మోసగాళ్లు వ్యాపారుల వేషంలో ఖాతాలు తెరిచి, 1,63,000 మందికి పైగా వివరాలను దర్జాగా కొనుక్కున్నారు. సంగతి 2005లో బయటపడింది. మరుసటి ఏడాది సంస్థ కోటిన్నర డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. తాళాలు ఎంత గట్టివైనా, అమ్మకమే ప్రమాదం కావచ్చని దీనితో రుజువైంది.

2017లో ఈక్విఫాక్స్ నుంచే దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు చోరీ అయ్యాయి. చొరబాటుకు దారి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ లోపానికి అంతకుముందే సవరణ అందుబాటులో ఉంది. దాన్ని అమర్చకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

ఐరోపా సమాఖ్యలో 2018 మే 25న అమలులోకి వచ్చిన డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 35వ అధికరణం, మనుషుల హక్కులకు పెనుముప్పు ఉన్నచోట పని మొదలుపెట్టకముందే అంచనా వేయాలని ఆదేశించింది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ బాధ్యతను కేంద్రం ప్రత్యేకంగా ప్రకటించే సంస్థలకే పరిమితం చేసింది. 2025 నవంబరులో వెలువడిన నియమాల ప్రకారం అవి ఏటా అంచనా వేయించి, ముఖ్యాంశాలను డేటా రక్షణ బోర్డుకు నివేదించాలి. వాటిని వినియోగదారులకు కూడా చూపాలన్న నిబంధన లేకపోవడం ఈ ఏర్పాటులోని పెద్ద లోటు.