స్లోగన్: కొండల్లో పుట్టిన కేక

ఎన్నికల గోడల మీదా సబ్బుల ప్రకటనల్లోనూ కనిపించే ‘స్లోగన్’ పుట్టింది స్కాట్లాండ్ కొండల్లో. అక్కడి గేలిక్ భాషలో ‘స్లూఅఘ్’ అంటే సేన, ‘గైర్మ్’ అంటే కేక. పోరుకు తమవాళ్లను కూడగట్టడానికి ఒక్కో వంశానిదీ ఒక్కో కేక. క్యాంప్‌బెల్ వంశీకులు ‘క్రూహన్!’ అని అరిచేవారు. అది ఆర్గైల్‌లో వాళ్ల కొండ పేరు. ఆ పేరు వినబడితే చాలు, కత్తులు లేచేవి.

పాత రాతల్లో ఇది ‘స్లోగోర్న్’గానూ కనిపిస్తుంది. 18వ శతాబ్దపు కవి థామస్ చాటర్టన్ అదేదో బూర అనుకున్నాడు. ఆ బూరనే రాబర్ట్ బ్రౌనింగ్ 1855లో తన కవితా నాయకుడి చేత ఊదించాడు! పొరపాట్లకూ వారసులుంటారు కాబోలు.

తర్వాత ఈ మాట పార్టీల చేతికి, వ్యాపారుల చేతికి చిక్కింది. మనకు ‘నినాదం’ ఉన్నా, బహుమతుల పోటీలవాళ్లు ‘స్లోగన్’ రాసి పంపమనే అడుగుతారు.