గోలకొండ, మణికొండ - గోల్ఫు మైదానముల కథ

ఈ సంచికలో గోల్ఫు గురించి వ్రాస్తున్నానంటే కొందరు నవ్వవచ్చును. పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లకు, సంగారెడ్డి బజారులో దుకాణం నడిపేవాళ్లకు ఆ ఆటతో ఏం పని? ఆటతో పని లేదు. ఆట ఆడే భూమితో ఉన్నది. మన పూర్వుల చరిత్రలో రెండు పుటలు ఆ పచ్చగడ్డి క్రింద ఉన్నాయి.

గోల్ఫు స్కాట్లాండు దేశపు ఆట. ఒక చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టి, దూరాన ఉన్న చిన్న గుంటలో పడవేయడమే ఆట. అట్లాంటివి 18 గుంటలు. మన పట్వారీ లెక్కలో 18 గుంటలంటే అర ఎకరం కూడా కాదు. వాళ్ల 18 గుంటలకు మాత్రం వందకు పైగా ఎకరాలు కావాలి! పైగా ఏడాది పొడుగునా గడ్డికి నీళ్లు. స్కాట్లాండులో వాన దానికదే పడుతుంది, మన దక్కనులో బోరు వేయాలి.

ఈ ఆటను మన దేశానికి తెచ్చినవాళ్లు ఇంగ్లీషు వాళ్లు. 1829 లో కలకత్తాలో గోల్ఫు క్లబ్బు పెట్టినారు. బ్రిటిష్ దీవుల బయట అదే అన్నింటికన్నా పాతది. మన వైపు 1798 ఒడంబడిక తర్వాత కంపెనీ పటాలం దిగింది. 1806 లో సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలసింది. దండు ఎక్కడ ఉంటే క్లబ్బు అక్కడ. 1878 లో మొదలైన సికింద్రాబాద్ క్లబ్బుకు ఇల్లు మన సాలార్‌జంగ్ వారి వేట బంగళాయే. స్థలమిచ్చింది దివాను గారు, లోపల కూర్చున్నది దొరలు. ఆ పాత కట్టడము 2022 జనవరిలో అగ్నిప్రమాదములో చాలా భాగం కాలిపోయింది. క్లబ్బులంటే అంతే గదా, సభ్యుడు కానివాడికి గేటు దగ్గరే సలాము.

ఇక నయా ఖిలా. 1656 లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించి వెనుదిరిగిన తర్వాత, అబ్దుల్లా కుతుబ్‌షా కోట ప్రక్కన ఉన్న ఎత్తైన నేలను కూడ గోడ లోపలికి కలిపినాడు. శత్రువు ఫిరంగులకు ఆ మెరక మళ్లీ ఆసరా కారాదని ఆయన ఉద్దేశ్యము. అదే నయా ఖిలా. లోపల కుతుబ్‌షాహీల తోట ఉండేది. దక్కనీ కవి ముల్లా ఖయాలీ పేరిట మస్జిద్ కలదు. "హతియాన్ కా ఝాడ్" అనే మహావృక్షము కూడ అక్కడే కలదు. ఆఫ్రికా జాతి చెట్టు, ఫకీర్లు తెచ్చి నాటినారని వాడుక. దాని తొర్రలోకి మనుషులు ఎక్కి దిగవచ్చును.

ఇప్పుడా గోడల మధ్య 18 గుంటల గోల్ఫు మైదానము ఉన్నది. ఇది పురావస్తు శాఖ రక్షణలోని కోట, ఇక్కడ ఆట మైదానమేమిటని చరిత్ర తెలిసినవాళ్లు ఆక్షేపించినారు. అక్కడ సేద్యం చేసుకునే రైతులు కూడ తమ భూముల కోసం పోరాడినారు. నా మట్టుకు నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఒక్కటే: పిల్లలకు కుతుబ్‌షాహీల పాఠం చెప్పి, ఆ చెట్టును చూపాలంటే ముందు గోల్ఫు గేటు దగ్గర అడగాలి.

మణికొండ సంగతి ఇంకా పెద్దది. ఇబ్రాహీం కుతుబ్‌షా కాలములో హజ్రత్ హుసేన్ షా వలీ అనే సూఫీ పెద్ద ఉండిరి. 1562 నాటి హుసేన్‌సాగర్ వారి పర్యవేక్షణలోనే కట్టినారని ప్రసిద్ధి. వారి దర్గా మణికొండ వైపు ఉన్నది. 2000 తర్వాత గచ్చిబౌలి, మణికొండ భూములు పెద్ద కంపెనీలకు పంచినప్పుడు, దుబాయికి చెందిన ఎమ్మార్ సంస్థకు హోటలు, సమావేశ మందిరము, ఇండ్ల కాలనీతో పాటు గోల్ఫు మైదానము కూడ ఇచ్చినారు. మైదానానికే సుమారు 235 ఎకరాలు, లీజు మీద. బండరాళ్ల గుట్టల మధ్య ఉన్నందున దానికి బౌల్డర్ హిల్స్ అని పేరు. ఈ ఒప్పందముల మీద హైకోర్టు ఆదేశంతో 2011 లో సి.బి.ఐ. దర్యాప్తు కూడ మొదలైంది.

వక్ఫ్ బోర్డు వాదన ఏమంటే ఆ భూములు దర్గాకు చెందినవని. 1989 గెజెట్టులో దర్గా పేర 5,506 చదరపు గజాలు మాత్రమే ఉండెను. 2006 మార్చిలో బోర్డు దానికి సవరణ ప్రకటన తెచ్చి 1,654 ఎకరాల 32 గుంటలు చేర్చింది. ప్రభుత్వము మాత్రం అది జాగీరు భూమి అని, 1949 లో జాగీర్లు రద్దైనప్పుడే సర్కారుకు వచ్చిందని వాదించింది. 2012 లో హైకోర్టు వక్ఫ్ పక్షాన తీర్పు చెప్పింది. మనవాళ్లు సంతోషించినారు. 2022 ఫిబ్రవరి 7 న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి, భూమి ప్రభుత్వానిదే అన్నది.

ఇందులో కోపగించుకునే ముందు చూడవలసినదొకటి ఉన్నది. వివాదములోని స్థలాలలో గోల్ఫు ఒక్కటే లేదు. కంపెనీలతో పాటు మన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయము కూడ ఉన్నది. నా వంటి ఉర్దూ పంతుళ్లు ఎందరో చదివి పట్టా పుచ్చుకున్నది ఆ ఆవరణలోనే. కనుక మొత్తం అన్యాయమే అనడానికి నాకు నోరు రాదు. కాని ఒక చదువుల ఇల్లు, ఒక ధనవంతుల ఆట ఒకే తూకంలో తూగుతాయా అని అడగకుండా కూడా ఉండలేను.

ఇంకో మాట. 1989 లో గజాలలో వ్రాసినది 17 ఏళ్ల తర్వాత ఎకరాలలో దిద్దబోతే నిలువలేదు. మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఖబరస్తాన్‌లు, ఆషూర్‌ఖానాలు, ఈద్గాల సర్వే నంబర్లు గెజెట్టులో ఏ విధముగా ఎక్కినవో సొసైటీ పెద్దలు ఒకసారి నకలు తీయించి చూస్తే మంచిది. ఆ పనికి ఉర్దూ కాగితాలు చదివి పెట్టడానికి నేను సిద్ధము.

5,506 గజాలంటే గుంటలలో నలభై ఐదున్నర. నేడు దర్గా ప్రక్కన గాజు మేడలు లేచినవి. కొంచెం దూరంలో గోల్ఫు గడ్డి మీద నీళ్ల ఫిరికీలు తిరుగుతుంటాయి.